తెప్పలూరు పొత్తు మాత్రలు

నవంబరు 9. ఈశాన్యపు గాలి. నీరు కలకబారింది.

పొద్దున్నే వచ్చి వంటింటి గోడకు ఉగ్గుగిన్నె బిగించి పోయారు. దాని అసలు పేరు మూరెడు పొడుగుంది, నాకక్కర్లేదు. మా వరసలో అందరూ ఉగ్గుగిన్నె అనే అంటున్నారు. ఇన్నాళ్ళూ మందుల అరకి బొటనవేలు ఆనిస్తే మాత్ర అరచేతిలో పడేది. డిసెంబరు ఒకటి నుంచి అలా కాదట. గొట్టం మూతి దాకా వస్తుంది, మనం నోరు తెరవాలి, మాత్ర నాలుక మీద వేసి, నీళ్ళు పోసి, గుటక పడిందని చూసుకుని గానీ వెనక్కి పోదు. డెబ్బై నాలుగేళ్ళ ముసలిదానికి ఉగ్గు పట్టడమేమిటి, సిగ్గులేకపోతే సరి!

"నేను మింగనయ్యా, ఏం చేస్తుందిది?" అన్నాను బిగించేవాడితో.

"మూడుసార్లు మింగకపోతే పథకంలోంచి పేరు కొట్టేస్తారు మామ్మగారూ. నన్ననకండి, నేను మేకులు కొట్టేవాణ్ణి," అన్నాడు.

ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద తేలే ఈ తెప్పలూరికీ తీరానికీ మధ్య బల్లకట్టు నడిపాను. గాలీ నీరూ ముందు రాసి, సంగతి తర్వాత రాయడం ఆ రోజుల అలవాటు. ఇక సంగతి ఏమిటంటే, కొంప మునిగింది.

సాయంత్రం పక్కింటి చార్విత వదిన వంతెన బల్ల దాటి వచ్చింది. ఆవిడ నాకు వదిన, నేను ఆవిడకి వదిన. ఎప్పట్లాగే చీర కుచ్చిళ్ళలోంచి కాగితం పొట్లం తీసి సగం మాత్ర నా చేతిలో పెట్టింది. నేను నా అరలోంచి వచ్చిన వణుకు మాత్ర ఆవిడ చేతిలో పెట్టాను. ఇద్దరం మింగి, నీళ్ళు తాగి, ఉగ్గుగిన్నె వంక చూశాం.

"ఇంకిలా ఇచ్చిపుచ్చుకోడం కుదరదన్నమాట," అంది వదిన.

"కుదరదు. నీ మాత్ర నీ నోట్లోకి, నా మాత్ర నా నోట్లోకి."

"నా మాత్ర నీ దగ్గర కదే ఉంది!"

అదీ గొడవ. వదినకు రెండు జబ్బులు, గుండె దడ ఒకటి, చేతుల వణుకు ఒకటి. ఆసరా పథకంలో దడ మాత్ర ఉంది, వణుకు మాత్ర లేదు. వెన్నెల పథకంలో వణుకు మాత్ర ఉంది, దడ మాత్ర లేదు. మనిషికి ఒక్క పథకమే. నాకున్నది దడ ఒక్కటే. అందుకని ఆరేళ్ళ కిందట నేను ఆసరా వదిలేసి వెన్నెలలో చేరి, ఏటేటా జరిగే కొలత రోజున జబ్బులు కొలిచే గోడ ముందు చెయ్యి గడగడలాడించాను. ఏం ఆడించాననుకున్నారు, గోడ జాలిపడి పెద్ద మోతాదు రాసింది! ఆ మాత్ర వదినకు. వదిన అరలోంచి వచ్చే దడ బిళ్ళను అడకత్తెరతో రెండు చేసుకుని ఇద్దరం చెరో ముక్క.

మాదొక్కటే కాదు. తెప్పలూరులో ఏ వరస చూసినా పొత్తే. కార్తీకం రాగానే పథకాల చూపులు పెట్టుకుంటాం. పకోడీలు వేయించి, టీ కాచి, పెద్దవాళ్ళందరూ కూర్చుంటారు. "మీ ఆయన్ని నిశ్చింతలో చేర్చండి, మా ఆవిణ్ణి ఆసరాలో పెడతాం," అంటూ పెళ్ళి సంబంధం మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటారు. ఈ కార్తీకంలో ఎవరి ఇంటా పకోడీ వేగలేదు.

నవంబరు 11. గాలి పడిపోయింది. ఉక్క.

పొద్దున నీళ్ళ గొట్టానికి పట్టిన నాచు గీకి, బియ్యం ఏరి, గోడమ్మ ముందు కూర్చున్నాను. గోడమ్మ అంటే ఇంటింటి గోడలోనూ ఉండి పథకాలు ఎంచిపెట్టే గొంతు. మర్యాదకేం తక్కువ లేదు.

"నమస్కారం లాస్య గారూ. మీకు తగిన పథకం వెన్నెల. కారణం, నిరుడు కూడా మీరు వెన్నెలలోనే ఉన్నారు."

"నిరుడు కట్టిన చీరే ఈ ఏడూ కట్టుకోమంటావేంటి? నాలుగు పథకాలూ వరసగా చదువు."

చదివింది. ఈ ఊళ్ళో సగంమంది నెలకు ఎంత కట్టాలో చూసి చేరిపోతారు, మిగతా సగం పక్కింటివాళ్ళు చెప్పారని చేరతారు. ముందు చూడాల్సింది మన మాత్ర ఆ జాబితాలో ఉందా లేదా. ఉంటే ఏ మెట్టు మీద ఉంది? పై మెట్టు మీద ఉంటే ముందు కింది మెట్టు మందు మూడు నెలలు వాడి, అది పనిచెయ్యలేదని ఏడిస్తే గానీ మనది కిందికి దిగదు. మెట్టు బాగున్నా, మందుల పడవ ఎన్నాళ్ళకోసారి వస్తుందో కూడా చూసుకోవాలి.

నిశ్చింత అందరికంటే చవక, రెండు మాత్రలూ ఉన్నాయి. కానీ వణుకు మాత్ర పై మెట్టు మీద కూర్చుంది. మూడు నెలలు వేరే మందు మీద ఉంటే వదిన మంచం దిగలేదు. వెన్నెల, ఆసరా సంగతి తెలిసిందే. నాలుగోది నిండుకుండ, ఈ ఏడే పుట్టింది. రెండు మాత్రలూ కింది మెట్టు మీదే ఉన్నాయి, వారం వారం పడవ. ప్రాణం లేచొచ్చింది.

"వదినా, దొరికిందే!" అని కిటికీలోంచి కేకేశాను.

"షరతు కూడా చదవమంటారా?" అంది గోడమ్మ.

ఇంత మర్యాదస్తురాలు ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!

నవంబరు 14. ఈశాన్యపు గాలి. చిన్న అలలు.

పథకాల ఆఫీసు పడవ మా వరస చివర ఆగింది. ఆ షరతు సంగతి తేల్చుకుందామని ఇద్దరం వెళ్ళాం. ఆర్జవి అని నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలతో కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ పొత్తులు చెడిన ముసలాళ్ళతో వాదించి గొంతు బొంగురుపోయింది.

"జబ్బు మీ పేరు మీద రాసి ఉంటేనే మందు వస్తుందండీ. ఈ నెలాఖరులోగా కొలతలో కనబడాలి. కనబడకపోతే మందుకి ఎనిమిది నెలలు ఆగాలి. కొలత ఏడాదికి ఒక్కసారే, బాగా ఆలోచించుకుని రండి. మీ ఇద్దరికీ ఇరవై ఒకటో తారీకు ఖాళీ ఉంది."

వదిన పేరు మీద వణుకు లేదు. ఆసరా వదిలినప్పుడే నా పేరు మీద దడ కొట్టేశారు, పైగా లేని వణుకు ఉంది. పోనీ కొలతలో చూపిద్దామంటే వదిన చెయ్యి ఇప్పుడు వణకదు. రోజూ మాత్ర పడుతోంది కదా! నా గుండే అంతే, గడియారంలా కొట్టుకుంటోంది. ఆరేళ్ళు జాగ్రత్తగా ఒకరినొకరం కాపాడుకున్నందుకు ఇప్పుడు ఇద్దరం ఆరోగ్యవంతులమైపోయాం.

నవంబరు 17. గాలి పెరుగుతోంది.

వేరే దారి లేదు. రేపట్నుంచి కొలత దాకా వదిన వణుకు మాత్ర మానెయ్యాలి, నేను దడ మాత్ర మానెయ్యాలి. జబ్బులు బయటికి రావాలి. మందులు బయట కొందామంటే తీరం దాకా వెళ్ళినా పథకం చూపించందే ఇవ్వరు.

"నేను మానేస్తాను. నువ్వు వద్దు," అంది వదిన.

"ఎందుకొద్దు?"

"మీ అక్కకేమైందో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. తుఫానుకి మందుల పడవ రాక, నాలుగు రోజులు దడ మాత్ర లేక, అక్క వంటింట్లో పడిపోయింది. ఎడంవైపు మొత్తం పోయింది. తర్వాత ఏడాది అన్నం కలిపి పెట్టింది ఈ వదినే. నేను బల్లకట్టు మీద ఉండేదాన్ని.

"అక్క వేరు, నేను వేరు. నోర్మూసుకుని మాత్ర మాను," అన్నాను. నాకు భయమేస్తే గొంతు లేస్తుంది.

నవంబరు 19. గాలి జోరు. వరసంతా ఊగుతోంది.

నిన్న వదిన బాగానే ఉంది. ఇవాళ మొదలైంది. కుడి చెయ్యి ముందు, తర్వాత గడ్డం. గడప దగ్గర అడుగు పడక గోడ పట్టుకుని నిలబడిపోయింది. అడుగు వెయ్యవే అంటే కాలు రాదు. పాదం పట్టుకుని ఎత్తి ముందు పెట్టాను. అప్పుడు కదిలింది.

అలాంటి మనిషి నిన్నట్లాగే పొద్దున నాకు రాగిజావ తెచ్చింది. వంతెన బల్ల మీద సగం ఒలకబోసి, చీరంతా తడుపుకుని, గ్లాసు నా ముందు పెట్టింది. "నీకు పిచ్చా? సముద్రంలో పడితే ఎవరు తీస్తారు?" అని తిట్టాను. "చల్లారిపోతుంది, తాగు," అంది. మాటలు కూడా ముద్దగా వస్తున్నాయి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగి గడగడా తాగేశాను.

నాకేం కాలేదు. దడ రాలేదు. వస్తుందేమోనని భయం, రాదేమోనని భయం. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అప్పటికే తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను.

నవంబరు 20. అదే గాలి.

వదిన ఇవాళ లేవలేదు, నేనే అన్నం కలిపి పెట్టాను. మెతుకు గొంతు దిగడానికి ఎంతసేపో. మాత్ర మా ఇంట్లో నా అరలోనే ఉంది, బల్ల దాటితే అందుతుంది. ఒక్క మాత్ర ఇస్తే గంటలో లేచి కూర్చుంటుంది. రెండుసార్లు అర దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

"రేపొక్క రోజే వదినా," అన్నాను.

కళ్ళతో సరే అంది. తర్వాత వేలు చూపించింది. పొయ్యి గట్టు మీద మూతపెట్టిన గ్లాసు. జావ. అవతలి పక్కింటామె చేత కాయించి పెట్టించిందట. నేను తాగేదాకా వదిన కళ్ళు నా మీంచి కదల్లేదు.

నవంబరు 21. గాలి తగ్గింది.

చేపల బండి మీద దుప్పటి పరిచి వదినను కూర్చోబెట్టి ఆఫీసు పడవ దాకా తోసుకెళ్ళాను. కొలత పలక మీద వదిన చెయ్యి పెడితే బల్లంతా టకటకలాడింది. ఆర్జవి చాలాసేపు చూసింది.

"ఇంత జబ్బు పెట్టుకుని ఇన్నేళ్ళు ఏ మందూ లేకుండా ఎలా ఉన్నారమ్మా?"

"ఓ... ఓర్చుకున్నానండీ," అంది వదిన.

ఆర్జవి నా వంక చూసింది. నేను సముద్రం వంక చూశాను.

"మా అమ్మ కూడా బాగా ఓర్చుకునేదండీ," అని, ఇంకేం అడక్కుండా వదినను నిండుకుండలో చేర్చేసింది. దడ మోతాదు కూడా సరిచూసి తగ్గించింది. నేను అక్కడే కుర్చీలో కూలబడి నవ్వాను, ఏడ్చాను, రెండూ చేశాను.

తర్వాత నా వంతు. చెయ్యి చాపాను, రవ్వంత కూడా కదల్లేదు. ఆ పడవ గోడలోంచి గోడమ్మ గొంతు విప్పింది. "అభినందనలు లాస్య గారూ. వెన్నెల వారి మందు ఆరేళ్ళు క్రమం తప్పక వాడి మీరు వణుకును జయించారు. మీ ఫోటో మా పడవల మీద వేసుకోవచ్చా?"

"నీ మొహం మీద వేసుకో," అన్నాను. "నాడి చూడు."

చూసింది. నిమిషం, రెండు నిమిషాలు. గీత ఎక్కడా తడబడలేదు.

"మీ నాడి నా నాడి కంటే బాగుందండీ," అంది ఆర్జవి. ఆ మాట అనడం ఆమెకీ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

నాలుగు రోజులు మాత్ర లేకుండా నా గుండె అంత బుద్ధిగా ఉండటం ఇరవై ఏళ్ళలో లేదు. నాకేమీ అర్థం కాలేదు. ఎనిమిది నెలలు మందు లేదు. అక్కకు నాలుగు రోజులు సరిపోయింది.

నవంబరు 22. నిలకడ నీరు.

నిన్న ఇంటికి రాగానే వదినకు మాత్ర వేశాను. ఇవాళ పొద్దున తనే నడిచి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, తిట్టనంటే ఒక మాట చెప్తాను."

"తిడతాను. చెప్పు."

"జావలో కలిపాను."

"ఏం కలిపావు?"

"నీ ముక్క. దంచి, రోజూ. నువ్వు పడిపోతావని భయమేసిందే. నాకు చేతులాడక ముందే నాలుగు పొట్లాలూ కట్టి పెట్టుకున్నాను. చివర్రెండు రోజులూ పక్కింటామెకిచ్చి కలిపించాను."

నేను చేసిన రభసకు అవతలి వరస వాళ్ళు కూడా బయటికి వచ్చారు. గ్లాసు విసిరేశాను. "నన్ను బతికిద్దామని చంపావు కదే! నాలుగు రోజుల భయానికి ఎనిమిది నెలలు అమ్మేశావు. నువ్వు వణుకుతుంటే చూస్తూ కూర్చున్నాను నేను! మాత్ర చేతిలో పెట్టుకుని ఇవ్వకుండా కూర్చున్నాను! నాకు లేదా భయం? నీకొక్కదానికేనా?"

"నువ్వు గట్టిదానివి. నేను కాదు," అంది.

"పో ఇక్కణ్ణించి."

పోలేదు. గుమ్మంలోనే కూర్చుంది. నేనే లోపలికి పోయి తలుపేసుకున్నాను.

నవంబరు 29. ఈశాన్యపు గాలి.

వారం రోజులుగా వదినతో మాట్లాడలేదు. ఇవాళ పథకం ఎంచుకోక తప్పదు. వెన్నెలలో ఉంటే లాభమేమీ లేదు. ఆసరాలో ఎనిమిది నెలలు ఆగడానికి మినహాయింపు లేదు. నిండుకుండ షరతులు ఈసారి నేనే అట్టడుగుదాకా చదివించుకున్నాను. ఆగే కాలంలో ఎప్పుడైనా దడ ఆడుతుండగా ఏదో ఒక గోడకి చెయ్యి ఆనించి నిమిషం ఉంచితే, గోడ దాన్ని పట్టుకుంటే, ఆ రోజు నుంచే మందు. ఆర్జవికి కబురు పెట్టి నిజమేనా అని అడిగాను. నిజమేనంది.

నిండుకుండే పెట్టుకున్నాను. రావద్దని ఇరవై ఏళ్ళు దేవుళ్ళందరికీ మొక్కుకున్న దడను ఇక రమ్మని పిలుచుకోవాలి. వస్తే గోడ దగ్గర రావాలి. వచ్చి నన్ను పడగొట్టకుండా పోవాలి.

డిసెంబరు 1. చలిగాలి.

ఉగ్గుగిన్నె నా మూతి దాకా వచ్చి ఆగింది. "లాస్య గారూ, ఈ రోజు మీకు మందు లేదు. శుభదినం," అని వెనక్కి పోయింది. గరిటె తీసుకుని దాన్ని ఒక్కటి వేశాను.

వదిన తన ఇంట్లో మందు వేసుకుని నేరుగా వచ్చింది. పీట వేసుకుని నా పక్కన కూర్చుని, నా ఎడమ మణికట్టు పట్టుకుంది. నాడి మీద మూడు వేళ్ళు. ఒక్కటీ వణకడం లేదు.

"వదులు," అన్నాను.

"వదలను. తిట్టుకో."

కుడిచేత్తో కూర తరుక్కున్నాను. మధ్యాహ్నం దాకా తిట్టాను. వదిన ఊఁ కొడుతూ నాడి చూస్తూనే ఉంది.

డిసెంబరు 5. గాలి అటూ ఇటూ.

ఇవాళ వచ్చింది. బయట వలలు ఆరేస్తుంటే గుండెలో చేప ఎగిరినట్టయింది. వదిన అప్పుడే నీళ్ళు పట్టుకోడానికి వెళ్ళింది. గోడ దాకా వెళ్ళేసరికి ఆగిపోయింది. "మీ నాడి సక్రమంగా ఉంది," అంది గోడమ్మ.

అక్కడే నేల మీద కూర్చున్నాను. వదిన వచ్చి చూసి బిందె వదిలేసింది. నీళ్ళన్నీ పోయాయి. "నేను లేనప్పుడే రావాలా అది," అని తలబాదుకుంది. ఆవిడ ఏడుపు చూస్తే నాకు కోపం నిలవలేదు. నాకు చావంటే భయం లేదు. అక్కలా మంచం మీద పడి ఇంకొకరి చేతి ముద్ద కోసం చూడటమంటే భయం. ఆ మాట వదినతో మొదటిసారి అన్నాను.

"నేను పెడతాను కదే," అంది.

"అందుకే భయం. రాగిజావ పెడతావు."

ఇద్దరం నవ్వాం. రాత్రికి వదిన తన మంచం మా ఇంటికి తెచ్చేసింది.

డిసెంబరు 8. ఈశాన్యపు గాలి, ఎండ.

నీళ్ళ పడవ కోసం వరస చివర వరకూ వెళ్ళాం. అక్కడ ఇళ్ళు లేవు, గోడలు లేవు. వదిన ఒక చేత్తో బిందె, ఒక చేత్తో నా మణికట్టు. సగం మాటలో ఆగిపోయింది.

"వదినా."

నాకూ తెలిసింది. చేప ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. కళ్ళు బైర్లు కమ్మాయి. "మనిల్లు దూరం," అన్నాననుకుంటాను. వదిన బిందె సముద్రంలో పారేసి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని పరుగు మొదలుపెట్టింది. నిజంగా పరుగే! మొన్నటికి మొన్న గడప దగ్గర పాదం ఎత్తి పెట్టించుకున్న డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఊగే బల్లల మీద నన్ను ఈడ్చుకుంటూ, "తప్పుకోండి! దడ వచ్చింది! తప్పుకోండి!" అని అరుస్తూ. జనం దారి ఇచ్చారు. ముందు దొరికిన ఇంట్లోకి చొరబడింది. ఎవరిల్లో కూడా చూసుకోలేదు. లోపల పెద్దాయన ఒకాయన తువ్వాలుతో నిలబడి తల తుడుచుకుంటున్నాడు. ఆయన్ని పక్కకు నెట్టి నా చెయ్యి గోడకి అదిమిపెట్టింది.

"ఆగకే, ఆగకే, ఇంకొంచెంసేపు," అంటోంది. నాతో కాదు, నా గుండెతో.

అది ఆగలేదు. తడబడుతూనే ఉంది. నాకు చెమటలు పడుతున్నాయి, నోరెండిపోయింది. గుమ్మం నిండా జనం. పెద్దాయన తువ్వాలు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు.

"లాస్య గారూ," అంది గోడమ్మ, "విచారంతో తెలియజేస్తున్నాం. మీకు గుండె దడ ఉంది. నేటి నుంచి మందు మంజూరైంది. మొదటి మాత్ర ఇప్పుడే తీసుకోండి."

"దొరికింది!" అని అరిచింది వదిన.

నా గుండె చెడిపోయిందని ఆ ఇంట్లో, గుమ్మంలో, వరసంతా చప్పట్లు కొట్టారు. తువ్వాలు పెద్దాయన కూడా కొట్టబోయి ఆగాడు. నేను కొడదామనుకున్నాను గానీ ఎడంచెయ్యి రాలేదు. ఒక్క క్షణం అక్క గుర్తొచ్చి ప్రాణం పోయింది. తర్వాత చూసుకున్నాను. చెయ్యి బాగానే ఉంది. వదిన ఇంకా వదల్లేదు, అంతే.